డైకటానాను ఇప్పుడు సరిగ్గా ఆడడం ఎలా: ప్యాచ్ దగ్గర్నుంచి నాలుగో కాలం దాకా

"డైకటానా కొన్నాం. మొదటి లెవెల్లోనే కప్పలు చంపుతున్నాయి. తోడున్నవాడు తలుపులో ఇరుక్కుంటున్నాడు. ఇది ఆడేదెట్లా?" హన్మకొండ నుంచి, కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆటను విప్పి నేరుగా మొదలుపెట్టినవాళ్లే. ఈ ఆటకు అది పనికిరాదు. ముందు ఒక పూట ఏర్పాటు, తర్వాతే ఆట.

## 1. ముందుగా పట్టుకోవాల్సిన సంగతి

2000 మేలో వచ్చిన కంప్యూటర్ తుపాకీ ఆట ఇది. నడిచేది క్వేక్ 2 అనే ఇంకో ఆట ఇంజిన్ మీద, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రామ్ మీద. నాలుగు కాలాలు, మొత్తం 24 లెవెళ్లు: 2455 నాటి క్యోటో, క్రీ.పూ. 1200 నాటి గ్రీసు, క్రీ.శ. 560 నాటి నార్వే, 2030 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో.

నాలుగింటిలో బలహీనమైనది మొదటిదే. అందరూ చూసిందీ, చూసి వదిలేసిందీ దాన్నే. గ్రీసులో అడుగుపెట్టాక రంగు, ఆయుధం, నడక అన్నీ మారిపోతాయి. కాబట్టి ఈ ఆట మీద మీ తీర్పు రెండో కాలం మూడో లెవెల్ దాకా ఆపుకోండి.

రెండో మాట. ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ అది ఎవరి దోషమో తేల్చుకోవాలి. మూడే ఉంటాయి: ఆటది, మెషీన్‌ది, మన చేతి అలవాటుది. మెషీన్ దోషాన్ని గంటలో తీసెయ్యొచ్చు. చేతి అలవాటుకు రెండు సాయంత్రాలు పడుతుంది. ఆ రెండూ పోయాక మిగిలేదే నిజంగా ఆట దోషం. దాన్ని ఎట్లా దాటాలో కింద ఉంది.

## 2. సిద్ధం చేసుకోవాల్సిన సామాను

పెద్ద మెషీన్ అక్కర్లేదు. ఆఫీసుల నుంచి దిగిపోయి పాత కంప్యూటర్ల దుకాణాలకు వచ్చే డెస్క్‌టాప్, లోపలున్న గ్రాఫిక్స్‌తోనే సరిపోతుంది. విడి కార్డు కోసం పైసలు పెట్టొద్దు. ఆ పైసలు మంచి మౌస్‌కు పెట్టండి. ట్యాచ్‌ప్యాడ్‌తో ఈ ఆట అస్సలు కుదరదు.

సరిచూసుకోండి:

- ఆట అసలు కాపీ. ఆటలు అమ్మే నెట్ దుకాణాలు జీఓజీలో, స్టీమ్‌లో రెండుచోట్లా దొరుకుతుంది. జీఓజీ ఇన్‌స్టాలర్‌కు తాళం ఉండదు. పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే నెట్ లేని ఇంట్లో కూడా ఎక్కించుకోవచ్చు.
- అభిమానులు తయారుచేసిన 1.3 ప్యాచ్, అంటే ఆట తప్పుల్ని సరిదిద్దే ఫైళ్లు.
- వైరున్న మౌస్, కనీసం జానెడు వెడల్పున్న ప్యాడ్.
- హెడ్‌ఫోన్. దోమల రొద ఏ చెవి వైపు నుంచి వస్తోందో తెలియడం మొదటి లెవెల్లో ప్రాణాలతో సమానం.
- డెస్క్‌టాప్ అయితే యూపీఎస్. కరెంటు పోయాక ఆట సేవ్ చేసి మెషీన్ బంద్ చేసేంత టైము ఇస్తే చాలు.
- ఒక నోటు పుస్తకం. ఎందుకో 5వ భాగంలో ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడొద్దు. వరంగల్ ఎండకు గది గాలే వేడిగా ఉంటుంది. కింద గాలి తోవ మూసుకుపోతే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఆట కుదుపులు పడుతుంది, మనం ప్యాచ్‌ను తిడతాం. చెక్క బల్ల మీద పెట్టి, వెనక రెండు పుస్తకాలు ఎత్తు పెడితే చాలు.

## 3. ఎక్కించే వరుస

ఈ భాగంలో వరుస తప్పితే మొదటికొస్తుంది. ఒక్కొక్కటీ పూర్తయ్యాకే తర్వాతిది.

ఒకటి. సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. ఆ చోట రాయడానికి విండోస్ పాత ప్రోగ్రాములను ఒప్పుకోదు. అవి రాసే సేవ్ ఫైళ్లను గుట్టుగా వర్చువల్‌స్టోర్ అనే వేరే ఫోల్డర్‌లోకి మళ్లిస్తుంది. మీరు బ్యాకప్ తీసుకున్నామనుకుంటారు, అసలు సేవ్‌లు అందులో ఉండవు. డ్రైవ్‌లో నేరుగా ఒక కొత్త ఫోల్డర్ చేయండి.

రెండు. ఆ ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండొద్దు. తెలుగు పేరు పెడితే ఆ కాలపు ప్రోగ్రాములు తోవ చదవలేక ఆగిపోతాయి.

మూడు. ఆటను అందులోకి ఎక్కించి, ప్యాచ్ ఏదీ వెయ్యకుండా ఒక్కసారి తెరిచి చూడండి. మెనూ వచ్చినా రాకపోయినా ఫరవాలేదు. ఫైళ్లన్నీ దిగాయని తెలిస్తే చాలు.

నాలుగు. మొత్తం ఫోల్డర్‌ను కాపీ చేసి పక్కన పెట్టండి. దీన్ని ముట్టుకోవద్దు. రేపు ఏది చెడినా మళ్లీ డౌన్‌లోడ్ లేకుండా ఇక్కడికి తిరిగి రావచ్చు. మొబైల్ హాట్‌స్పాట్ మీద నెట్ నడిపేవాళ్లకు ఈ కాపీయే ఆధారం.

ఐదు. 1.3 ప్యాచ్‌ను అదే ఫోల్డర్‌లోకి ఎక్కించండి. ఇది అసలు ఆట ఫైళ్ల మీద ఆధారపడి నడుస్తుంది, ఒంటరిగా పనిచెయ్యదు. వెడల్పు తెరలు, కొత్త విండోస్, తోడు మనుషుల్ని (మన వెంట వచ్చే, ఆటే నడిపే పాత్రల్ని) తీసేసి ఆడే వీలు, చాలా పాత తప్పుల సవరణ ఇందులోనే ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన ఆఖరి ప్యాచ్ 1.2 దగ్గరే ఆగింది.

ఆరు. ఇకమీదట ప్యాచ్ ఇచ్చిన కొత్త ప్రోగ్రామ్ ఫైలుతోనే ఆట తెరవాలి. డెస్క్‌టాప్ మీదున్న పాత గుర్తు పాత ఫైలునే తెరుస్తుంది. "ప్యాచ్ వేసినా ఏం మారలేదు" అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. పాత గుర్తు తీసేసి కొత్త ఫైలుకు కొత్త గుర్తు పెట్టండి.

స్టీమ్ కాపీ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. ఫైళ్లు సరిచూసే బటన్ నొక్కితే స్టీమ్ ప్యాచ్ ఫైళ్లను తుడిచి పాతవి మళ్లీ పెట్టొచ్చు. ప్యాచ్ వేసిన ఫోల్డర్‌ను స్టీమ్ బయటికి కాపీ చేసుకుని అక్కడి నుంచే ఆడండి.

యాంటీవైరస్ లొల్లి పెడితే దాన్ని మొత్తం బంద్ చెయ్యొద్దు. ప్యాచ్‌ను తయారుచేసినవాళ్ల సొంత చోటు నుంచే తెచ్చారా అని చూసుకుని, ఫైలును స్కాన్ చేసి, శుభ్రంగా ఉంటే ఆ ఒక్క ఫోల్డర్‌కు మాత్రమే మినహాయింపు ఇవ్వండి. ఎవరో మళ్లీ మూటగట్టి ఇచ్చిన కాపీలు వాడొద్దు.

## 4. తెర, చూపు, మౌస్

ఇది ఇరవై నిమిషాల పని. కానీ మొదటి లెవెల్ కప్పలతో సగం పరేషాన్ ఇక్కడే తీరిపోతుంది.

ఆ కాలపు తెరలు 4:3. చూపు కోణం అడ్డంగా 90 డిగ్రీలు, నిలువుగా దాదాపు 74. ఇప్పటి 16:9 తెర మీద అదే 90ని ఉంచితే నిలువు చూపు 59 డిగ్రీలకు పడిపోతుంది. పైనా కిందా కోసేసినట్టు. క్యోటో బురదలో కప్పలు మీ మోకాలి కింద నుంచే ఎగురుతాయి. కింది చూపు కోసుకుపోతే అవి కనబడకముందే కరుస్తాయి. అది మీ చేతకానితనం కాదు, లెక్క తప్పు.

కొత్త ఆట మొదలుపెట్టి, అంచుల్లో చూపు ఇరుకుగా అనిపిస్తే ఇలా చేయండి:

- ఎస్కేప్ కింద ఉన్న వంకర గీత మీట నొక్కి కన్సోల్, అంటే ఆటకు ఆజ్ఞలు టైపు చేసే చోటు, తెరవండి.
- ఎఫ్, ఓ, వీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, 106 కొట్టి ఎంటర్ నొక్కండి. 1366 లేదా 1920 వెడల్పున్న తెరలకు ఇదే సరైన అంకె.
- 16:10 తెర అయితే 100.
- 110 దాటొద్దు. అంచులు సాగి, దూరాలు తప్పుగా కనబడతాయి.

కన్సోల్ తెరుచుకోకపోతే కింద మూలన భాష గుర్తు చూడండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే ఆ మీట తెలుగు అక్షరమైపోతుంది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మార్చి, ఆ తర్వాతే ఆట తెరవండి. నడక మీటలు పనిచెయ్యకపోయినా మొదట చూడాల్సింది ఇదే.

మౌస్ సంగతి. విండోస్ మౌస్ సెట్టింగుల్లో పాయింటర్ కచ్చితత్వం పెంచే టిక్ ఉంటుంది. తీసెయ్యండి. అది ఉంటే చేతిని వేగంగా కదిపినప్పుడు ఒక కోణం, మెల్లగా కదిపినప్పుడు ఇంకో కోణం తిరుగుతుంది. తర్వాత ఆటలో మౌస్ వేగం మారుస్తూ, ప్యాడ్ ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపితే సరిగ్గా వెనక్కి తిరిగేలా పెట్టుకోండి. గోడ మీద ఒక మరకను గురి పెట్టి తిరిగి చూస్తే లెక్క దొరుకుతుంది.

నడకకు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ. ఎప్పుడూ పరుగు ఉండే ఎంపిక ఆన్. తోడు మనుషులకు ఇచ్చే ఆజ్ఞలను మెనూలో వెతికి, ఎడమ చేతి వేళ్లకు అందే మీటలకు పెట్టుకోండి. ముఖ్యంగా "ఆగు", "రా" అనే రెండూ. ఈ పని ఇప్పుడు చెయ్యకపోతే మొదటి కాలం మధ్యలో తలపట్టుకోవాల్సి వస్తుంది.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటే ఆట నల్లతెరతో తెరుచుకోవచ్చు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అనే చోట కొత్త ప్రోగ్రామ్ ఫైలును చేర్చి, ఎక్కువ సామర్థ్యం ఎంచుకోండి. ఫ్రేముల వేగాన్ని తెర వేగానికి, అంటే సాధారణంగా 60కి, కట్టెయ్యండి. పాత ఇంజిన్లకు అంతకు మించిన వేగంతో లాభం లేదు, వేడి మాత్రం పెరుగుతుంది.

## 5. సేవ్ చేసే క్రమశిక్షణ

మొదట వచ్చిన ఆటలో సేవ్ చెయ్యాలంటే లెవెల్లో దొరికే రత్నాన్ని ఖర్చుపెట్టాలి. ఆటను ఎక్కువమంది అసహ్యించుకున్న కారణాల్లో ఇదొకటి. ఆ కట్టడి తీసేసే ఎంపిక 1.2 నుంచే ఉంది. నిస్సంకోచంగా తీసెయ్యండి. రత్నాలతో ఆడితేనే అసలు ఆట అనే వాదన ఉంది. మేము ఒప్పుకోం. తోడు మనిషి తలుపులో ఇరుక్కుని చనిపోతే అరగంట వెనక్కి పోవడం ఆట కాదు, శిక్ష.

కానీ ఎన్నిసార్లయినా సేవ్ చేసే వీలు దొరికింది కదా అని ఒకే చోట రాస్తూ పోవద్దు. సేవ్ రాస్తున్న క్షణంలోనే కరెంటు పోతే ఆ ఫైలు సగంలో తెగిపోతుంది. సేవ్‌లకు మూడు గళ్లు (మూడు వేర్వేరు చోట్లు) పెట్టుకోండి:

- మొదటి గడి: లెవెల్ మొదట్లో. మళ్లీ దాని మీద రాయొద్దు.
- రెండో, మూడో గళ్లు: ఒకదాని తర్వాత ఒకటి, మార్చి మార్చి.

నోటు పుస్తకంలో లెవెల్ పేరు, ఏ గడిలో ఉంది, తోడు మనుషుల ప్రాణం ఎంత, ఈ మూడే రాయండి. లెవెల్ ముగిసిన ప్రతిసారీ సేవ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

## 6. మొదటి లెవెల్: బురదను దాటడం

కష్టస్థాయిలు మూడు: రోనిన్, సమురాయ్, షోగన్. మొదటిసారి అన్నిటికన్నా తేలికైన రోనిన్ తీసుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. క్యోటో కాలంలోని కష్టం చాలావరకు చిన్న గురి, ఇరుకు తోవ, ఎదురుతన్నే ఆయుధం వల్ల వచ్చేది. స్థాయి పెంచితే ఆ మూడూ ఇంకా సతాయిస్తాయి తప్ప మీ నేర్పు పెరగదు.

తెర అంతా ఆకుపచ్చ పొగమంచు. వానలు తగ్గాక చెరువు కట్ట కింద నాచు పట్టిన నీళ్లలో నిలబడినట్టు ఉంటుంది. ఇనుప కప్పలు కింద, ఇనుప దోమలు పైన, నీళ్లలో మొసళ్లు. చేతిలో అయాన్ బ్లాస్టర్. ఈ ఆయుధం స్వభావం తెలియకపోతే మిమ్మల్ని శత్రువుకన్నా అదే ముందు చంపుతుంది.

దాని గుండు గోడకు తగిలి తిరిగి వస్తుంది. ఇరుకు సందులో ఎదురు గోడకు నేరుగా కాలిస్తే మీకే తగులుతుంది. నీళ్లలో మునిగి కాలిస్తే దెబ్బ మీకే. కాబట్టి:

- నీళ్లలో మునిగి ఎప్పుడూ కాల్చొద్దు. గట్టెక్కాకే కాల్చాలి.
- సందులో గోడకు ఏటవాలుగా కాల్చండి. గుండు ముందుకు జారి మలుపు వెనకున్నదాన్ని కొడుతుంది. అయాన్ బ్లాస్టర్ నిజంగా బాగుండేది ఈ ఒక్క వాడకంలోనే.
- విశాలమైన చోట నిలబడి దోమల్ని మీ దగ్గరికి రానివ్వండి. దూరంగా ఉన్న దోమ మీద గుళ్లు పారెయ్యొద్దు.

కప్పను కొట్టే పద్ధతి నేర్చుకోండి. కప్ప గాల్లో ఉన్నప్పుడు గురి కుదరదు. అది ఎగరగానే మీరు వెనక్కి ఒక అడుగు, పక్కకు ఒక అడుగు వెయ్యండి. అది నేల తాకి ఒక్క క్షణం ఆగుతుంది. గురిని ముందే ఆ నేల మీద ఉంచి, ఆ క్షణంలో కాల్చండి. ముందుకు పరిగెత్తుతూ కాల్చే కొత్త ఆటల అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది. నాలుగైదు కప్పల తర్వాత ఆ లయ చేతికి వచ్చేస్తుంది. అప్పుడు లెవెల్ మళ్లీ మొదట్నుంచి లోడ్ చేసుకుని ఆడండి. అదే చోటు రెండోసారి సగం ప్రాణం కూడా పోకుండా దాటుతారు.

గోడలకు ఉండే చికిత్స యంత్రాలను నోటు పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. ప్రాణం 70 దగ్గర ఉంటే వాడొద్దు, 40 కిందికి వచ్చాక వెనక్కి వచ్చి వాడండి.

## 7. క్యోటో ఆయుధాలు: మనకే తగిలేవి

షాట్‌సైక్లర్ ఒక్క నొక్కుకు ఆరు గుళ్లూ వరుసగా వదులుతుంది, మధ్యలో ఆపలేం. ఒంటరి కప్ప మీద వాడితే ఐదు వృథా. ఇద్దరు ముగ్గురు కాపలావాళ్లు ఒకే గుమ్మంలోకి వచ్చినప్పుడు నొక్కి, ఆరు గుళ్లు పడుతున్నంతసేపూ గురిని అడ్డంగా జరపండి.

సైడ్‌వైండర్ రెండు రాకెట్లు ఒకేసారి వదులుతుంది. పదిహేను అడుగుల లోపు వాడొద్దు. సీ4 అంటించే బాంబు. గుమ్మానికి అవతల పెట్టి, మీరు మూల తిరిగాకే శత్రువును పిలవండి. షాక్‌వేవ్ ఇరుకు గదిలో వాడితే మీరూ పోతారు.

మొత్తానికి మొదటి కాలంలో దాదాపు ప్రతి పెద్ద ఆయుధమూ ఇరుకు చోట ఉల్టా తిరిగేదే. ఇది ఆట దోషమే, ఒప్పుకోవాలి. గదిలోకి దూరకుండా గుమ్మం బయట నిలబడి పోరాడడమే దీనికి తోవ.

## 8. తోడు మనుషులను నడిపించడం

సూపర్‌ఫ్లై జాన్సన్, మికికో ఎబిహారా. ఇద్దరూ మొదటి కాలంలోనే కలుస్తారు. ఒక్కరు చచ్చినా ఆట అయిపోతుంది. వాళ్లు పక్కన లేకుండా లెవెల్ దాటనివ్వదు. ఈ ఆటకు చెడ్డపేరు తెచ్చిన అసలు చోటు ఇదే.

ముందు ఒక నిర్ణయం తీసుకోండి. 1.3లో వాళ్లను పూర్తిగా తీసేసి ఆడొచ్చు. మా సలహా: మొదటి కాలం వాళ్లు లేకుండా ఆడండి. ఆట మీద పట్టు వచ్చాక, ఇష్టమైతే మళ్లీ మొదట్నుంచి వాళ్లతో షురూ చేయండి. మొదటిసారే రెండు కష్టాలు నెత్తినేసుకోవద్దు.

వాళ్లతోనే ఆడాలనుకుంటే, మేడారం జాతర రద్దీలో పిల్లల చెయ్యి ఎట్లా వదలమో అట్లా ఉండాలి. ఆజ్ఞలు ఐదు: దాడి చెయ్యి, ఆగు, రా, వెనక్కి తగ్గు, అది తీసుకో. రోజూ వాడేవి మూడే.

గది దాటే పద్ధతి:

- గుమ్మానికి పది అడుగుల ముందే "ఆగు" చెప్పండి. గుమ్మంలో చెబితే వాళ్లు దానికి అడ్డంగా నిలబడతారు.
- మీరొక్కరే లోపలికి వెళ్లి గది ఖాళీ చేయండి.
- గది మధ్యకు, తలుపుకు దూరంగా వచ్చి నిలబడి "రా" చెప్పండి.
- వాళ్లు లోపలికి పూర్తిగా వచ్చారని కళ్లతో చూశాకే కదలండి.

లిఫ్టు దగ్గరే ఎక్కువ చావులు. లిఫ్టులోకి మీరు ముందు వెళ్లి, లోపలి మూలకు వీపు ఆనించి నిలబడండి. "రా" చెప్పండి. ఒకరు వస్తారు, రెండోవారు అంచు మీద ఆగుతారు. అప్పుడు బటన్ నొక్కితే అంచు మీదున్నవారు లిఫ్టు నేల కింద పడి నలిగిపోతారు. అందుకే రెండోవారి కాళ్లు రెండూ లిఫ్టు నేల మీద ఉన్నాయా అని తలవంచి చూడండి. లేకపోతే మీరు ఇంకాస్త వెనక్కి జరిగి మళ్లీ "రా" చెప్పండి. ఇద్దరూ లోపలున్నాక "ఆగు" చెప్పి, సేవ్ చేసి, అప్పుడు బటన్ నొక్కండి. నిచ్చెనల దగ్గరా ఇంతే: మీరు పైకెక్కి, నిచ్చెన కొస నుంచి నాలుగడుగులు పక్కకు జరిగాక పిలవాలి.

వాళ్ల ప్రాణం తగ్గితే మందు వైపు చూస్తూ "తీసుకో" చెప్పండి. మంచి ఆయుధం దొరికినప్పుడు వాళ్లకూ ఇప్పించండి. కానీ రాకెట్లు, పేలేవి ఇప్పించొద్దు. మీ వీపు వెనక నిలబడి కాలుస్తారు.

## 9. పాయింట్లు, కత్తి

శత్రువులను చంపిన కొద్దీ అనుభవం పెరిగి, ఒక్కో స్థాయికి ఒక పాయింట్ వస్తుంది. పెట్టుకోవడానికి ఐదు గుణాలు: దెబ్బ బలం, కాల్చే వేగం, పరుగు, ఎగురు, ప్రాణం.

మొదటి రెండు పాయింట్లు ప్రాణానికి. తర్వాతి రెండు దెబ్బ బలానికి. ఆపైన కాల్చే వేగానికి. పరుగు, ఎగురు రెండింటిలో ఒక్కో పాయింట్ చాలు. అవి మరీ పెరిగితే సన్నని గట్ల మీద అడుగు కుదరక పడిపోతారు.

మొదటి కాలం చివర చేతికొచ్చే డైకటానా కత్తి గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కత్తి పట్టుకుని చంపితే ఆ అనుభవం మీకు రాదు, కత్తికి పోతుంది. కత్తి బలపడుతుంది, మీరు అక్కడే ఉంటారు. కత్తి దొరికిన మురిపెంలో గ్రీసంతా దానితోనే ఆడితే నార్వేలో బక్కప్రాణంతో మిగులుతారు. గ్రీసులో మామూలు ఆయుధాలతో మీ స్థాయి పెంచుకోండి. ఒంటరిగా దొరికిన చిన్న శత్రువుల మీదే కత్తి వాడండి. నార్వే నుంచి దాన్ని ధైర్యంగా తీయొచ్చు.

## 10. మిగతా మూడు కాలాలు

గ్రీసులో ఆట ఊపిరి పీల్చుకుంటుంది. తెల్ల రాయి, ఎండ, విశాలమైన చోట్లు. డిస్కస్ అనే చక్రం విసిరితే తిరిగి చేతికొస్తుంది. అది తిరిగొచ్చే దారిలోనే ఉండండి, పట్టుకుంటే గుండు ఖర్చు లేనట్టే. సన్‌ఫ్లేర్ మంటను దూరంగా విసరండి, దాని మీద నుంచి నడవొద్దు. చూపుతోనే రాయిగా మార్చే రాక్షసి మెడూసాతో పోరులో స్తంభాల చాటు నుంచి కాల్చి మళ్లీ చాటుకు రావాలి, ఎదురుగా నిలబడి చూపు కలపొద్దు.

నార్వేలో ప్లేగు పట్టిన ఊరు, మంత్రగాళ్లు. ఇక్కడ తోడేలు మనుషులను వెండి గోళ్ల ఆయుధంతోనే చంపాలి, లేకపోతే పడ్డవి మళ్లీ లేస్తాయి. "చంపినా చావట్లేదు, ఆట చెడిపోయింది" అనుకునేది ఇక్కడే. చెడిపోలేదు. బోల్టర్ ఈ కాలానికి రోజువారీ ఆయుధం. స్టావ్రోస్ దండం ఇరుకులో వాడొద్దు. ఈ కాలంలో వెతికి తేవాల్సిన వస్తువులు ఎక్కువ కాబట్టి నోటు పుస్తకంలో ఏ తలుపు ఎందుకు తెరుచుకోలేదో రాసుకుంటూ పోండి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్కట్రాజ్ జైలు నుంచి మొదలవుతుంది. తుపాకులు మామూలువే, గురి సూటిగా పోతుంది. ఇప్పటిదాకా నేర్చుకున్నది ఇక్కడ సాఫీగా పనికొస్తుంది. స్థాయిని సమురాయ్‌కి పెంచాలని అనిపించేదీ ఇక్కడే.

దసరా సెలవుల్లో ముగించాలనుకునేవాళ్లు రోజుకు రెండు లెవెళ్లు పెట్టుకోండి. క్యోటోలో మాత్రం ఒకేసారి గంటకు మించి కూర్చుని ఆడొద్దు. ఆ ఆకుపచ్చకు కళ్లు అలసి గురి తప్పుతుంది.

## 11. ఎక్కువగా ఎదురయ్యే తప్పులు, సవరణలు

తెరవగానే ఆట మూసుకుపోతోంది. పాత ప్రోగ్రామ్ ఫైలు తెరుస్తున్నారు. ఆ కాలపు ఓపెన్‌జీఎల్ (బొమ్మలు గీసే ఒక పద్ధతి) వాడే ఆటలు గ్రాఫిక్స్ కార్డు ఇచ్చే సామర్థ్యాల జాబితాను చిన్న చోటులో ఇరికిస్తాయి. కొత్త కార్డుల జాబితా పెద్దది కాబట్టి పొంగి కూలిపోతాయి. 1.3 ఫైలు తెరవండి.

డీఎల్ఎల్ (ప్రోగ్రాములకు సాయపడే ఫైలు) లేదని చెబుతోంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ ఎక్కించండి. ఆ ఒక్క డీఎల్ఎల్ ఫైలును నెట్‌లో విడిగా వెతికి తేవొద్దు, వైరస్‌లు వచ్చేది ఆ తోవలోనే.

సేవ్‌లు కనబడట్లేదు. 3వ భాగంలో చెప్పిన వర్చువల్‌స్టోర్ ఫోల్డర్‌లో చూడండి. అక్కడి నుంచి ఆట ఫోల్డర్‌లోకి తెచ్చుకోవచ్చు.

తోడు మనిషి కదలట్లేదు. "రా" రెండుసార్లు చెప్పి, పది లెక్కపెట్టండి. కదలకపోతే మీరు వాళ్ల దగ్గరికే వెళ్లి ఇంకో వైపు నుంచి పిలవండి. అప్పటికీ కదలకపోతే పాత గడి లోడ్ చేయండి. ఇది పూర్తిగా ఆట దోషం, దీని మీద అరగంట పోగొట్టుకోవద్దు.

ఆట ముందు బాగుండి అరగంట తర్వాత కుదుపులు పడుతోంది. వేడి. మెషీన్ బంద్ చేసి, ఫ్యాన్ జాలీ మీది దుమ్మును బ్లోయర్‌తో ఊదించండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోవాలి.

## 12. ఇద్దరు ముగ్గురు కలిసి ఆడాలంటే

హాస్టల్ గదుల్లో ఉండేవాళ్లకు ఇదే మంచి తోవ. ఆటలో కోఆప్ ఉంది, కథను కలిసి ఆడొచ్చు. తలుపులో ఇరుక్కునే బొమ్మ స్థానంలో మాట వినే దోస్తు ఉంటాడు. లిఫ్టులో ఎవరినీ నలిపెయ్యక్కర్లేదు.

- అందరి మెషీన్లలో ప్యాచ్ ఒకే అంకెది, ఒకే డౌన్‌లోడ్‌ది ఉండాలి. ఒకరు ఏర్పాటు చేసిన ఫోల్డర్‌ను చూసి మిగతావాళ్లు తమ తమ కాపీల మీద అట్లనే చేసుకోవాలి.
- అందరూ ఒకే రౌటర్ మీద ఉండాలి. వీలైతే వైరుతో.
- విండోస్ ఫైర్‌వాల్ అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కు ఒప్పుకోవాలి. హాస్టల్ వైఫైని విండోస్ పబ్లిక్‌గా గుర్తిస్తే ఆట కనబడదు.
- జాబితాలో ఆట రాకపోతే నడిపిస్తున్నవారి ఐపీ చిరునామా అడిగి, కన్సోల్‌లో కనెక్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ అంకెలు కొట్టండి.
- ఆట నడిపించే మెషీన్‌కు యూపీఎస్ ఉన్నవారిదే ఎంచుకోండి. మిగతావాళ్ల కరెంటు పోయినా వాళ్లు తిరిగొచ్చి చేరొచ్చు. అది ఆగితే మాత్రం అందరి ఆటా ఆగుతుంది.